దగ్గు లేని ఊరు

లెసోతో కొండల్లో హా రాఫెకో అనే ఊరు. ఊరిపెద్దని అక్కడ మొరేనా అంటారు. ఆయన ఇంటి వాకిలి, పొద్దు వాలుతున్న వేళ. గేటు బయట ఎక్స్‌రే బండి ఆగి ఉంది.

"ఒక్కళ్ళు కూడా లేరా?"

"ఒక్కళ్ళు కూడా లేరు మొరేనా. మీ ఊళ్ళో ఊపిరితిత్తులన్నీ కడిగిన ముత్యాలు. బొమ్మ చూసి మార్కులు వేసే కంప్యూటర్ ఉంది కదా మా దగ్గర, దానికే అనుమానం వచ్చింది, స్విచ్చి సరిగ్గా వేశారా లేదా అని."

"చెప్పానా లేదా? పొద్దున నువ్వు బండి దిగగానే చెప్పాను. హా రాఫెకో గాలి వేరు, నీళ్ళు వేరు అని."

"చెప్పారు. గాలి సంగతి రెండుసార్లు చెప్పారు."

"అదే నీ రిపోర్టులో పెద్దక్షరాలతో రాయి. నీ పేరేంటన్నావు?"

"లిఖాబిసో."

"రాయి లిఖాబిసో. మొరేనా సెఖోబే రాఫెకో ఊరిపెద్దగా ఉన్న ఊళ్ళో టీబీ అన్నదే లేదు. మొరేనా అన్నది మర్చిపోకు. కిందటిసారి బండిలో వచ్చినవాళ్ళు ఉత్త సెఖోబే అని రాసిపోయారు."

"రాయడానికేం, రాస్తాను. రాసేముందు చిన్న సందేహం. మీ ఊళ్ళో ముసలివాళ్ళు ఉండరా?"

"ఎందుకుండరు? నేను లేనూ?"

"మీరు ఎక్స్‌రే తీయించుకోలేదు కదా. తీయించుకున్నవాళ్ళలో అందరికంటే పెద్దవాడికి ముప్ఫై కూడా ఉండవు. సగం మంది ఫుట్‌బాల్ బూట్లతోనే వచ్చారు. గోల్‌కీపర్ అయితే చేతి తొడుగులు కూడా విప్పలేదు."

"ఇంటికి చుట్టాలొస్తే మంచి కంబళి కప్పుకుంటామా, చిరిగింది కప్పుకుంటామా?"

"అంటే ఊళ్ళో ఉన్న మంచి ఊపిరితిత్తులన్నీ ఏరి మా ముందు పెట్టారన్నమాట."

"దాన్ని మర్యాద అంటారు."

"ఇంకో సందేహం. మధ్యాహ్నం ముగ్గురొచ్చారు. ఒకడు ఎర్ర కంబళి, ఒకడు నీలం, ఒకడు ఆకుపచ్చ. ముగ్గురూ మూడు పేర్లు చెప్పారు. కానీ ముగ్గురికీ ఎడమ భుజం దగ్గర ఎముక ఒకే చోట విరిగింది. ఒకేలా వంకరగా అతుక్కుంది."

"మా ఊళ్ళో గుర్రప్పందాలు ఎక్కువ."

"ముగ్గురూ ఒకే గుర్రం మీంచి పడ్డారా?"

"పొగరుబోతు గుర్రం అది."

"దాన్ని కూడా పంపించాల్సింది. లైనులో జనం పలచబడినప్పుడు దానికీ ఒకటి తీసేదాన్ని."

"వెటకారమా?"

"అయ్యో, మీ దగ్గరా? ఆ మూడు కంబళ్ళవాడు మీ అబ్బాయి లెబోనాయే కదూ? కంబళి మార్చాడు కానీ నవ్వు మార్చుకోలేకపోయాడు."

"వాడికి ఎక్స్‌రే అంటే సరదా."

"ఆ సరదా ఇంక చాలని చెప్పండి. ఇది ఫొటో స్టూడియో కాదు."

"అమ్మాయ్, కాస్త టీ తాగు. పొద్దున్నుంచీ చలిలో నిలబడే ఉన్నావు."

"ఇదిగో, వచ్చింది. మా ఆవిడ, మాలెబోనా. ఈవిణ్ణి చూసి రాసుకో ఈ ఊరి ఆరోగ్యం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి దగ్గగా నేను విన్లేదు."

"విన్లేదండీ ఆయన."

"అమ్మా, మీరు తీయించుకోలేదే?"

"తీరిందెక్కడమ్మా? మీకోసమని గొర్రెని కోయించారాయన. కోయించి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మిగతాదంతా నాదే కదా."

"బండి ఇంకా ఇక్కడే ఉంది. రండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"పొయ్యి మీద సంకటి ఉంది, అడుగంటుతుంది. ఇప్పుడే వస్తాను."

"చూశావా? వచ్చినంతసేపు పట్టలేదు వెళ్ళడానికి. నిన్న ఒక్కరోజు ఇంట్లో లేదు, దానికి బదులు ఇవాళ పొయ్యి వదలడం లేదు. చెల్లెలికి ఒంట్లో బాలేదని చీకటితోనే వెళ్ళి మళ్ళీ చీకటి పడ్డాక వచ్చింది. చల్లారిన సంకటి తిన్నాను నిన్నంతా. ఒక ఊరిపెద్దకి రావాల్సిన గతేనా అది?"

"పాపం. ఆ బాధకి ఎక్స్‌రేలో ఏమీ కనపడదు మొరేనా."

"నిన్న మీరు పక్కూళ్ళో, హా తలాలిలో ఉన్నారు కదూ?"

"ఉన్నాం."

"ఎలా ఉంది ఆ దిక్కుమాలిన ఊరు?"

"బానే ఉంది. వాళ్ళ మొరేనా కూడా గాలి గురించే చెప్పాడు. మీ ఇద్దరూ ఒకే గాలి పంచుకుంటున్నారనుకుంటా."

"వాడి గాలి కాదు, వాడి జనం సంగతి చెప్పు. దొరికారా ఎవరైనా?"

"పేర్లు చెప్పకూడదు."

"పేర్లెవడడిగాడు? లెక్క చెప్పు."

"ఏడుగురు."

"ఏడుగురా? ఆరుగురు కదూ?"

"ఆరుగురా?"

"ఏంటలా చూస్తావు?"

"ఆరని మీకెవరు చెప్పారు మొరేనా?"

"ఎవరో అన్నారు. గాలికి వచ్చింది మాట."

"మీ గాలి వేరు, వాళ్ళ గాలి వేరని కదా ఇందాకట్నుంచీ చెప్తున్నారు."

"మాట పట్టుకు వేలాడకు. టీ చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి. ఇవాళ పొద్దున్న ఏం జరిగిందో చెప్తాను వినండి. ఆ ఏడుగురి కళ్ళె పరీక్షకి పట్టమని హా తలాలి ఆరోగ్య కార్యకర్తకి సీసాలిచ్చాం. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి నాకు ఫోన్ చేసింది. ఆ పేర్లతో ఆ ఊళ్ళో పురుగు కూడా లేదు. ఒక్కడు మాత్రం దొరికాడు."

"ఎవడు?"

"హా తలాలి మొరేనా. నిన్న లైనులో నిలబడి ఎవరో ఏకంగా ఆయన పేరే చెప్పారు. పాపం ఆ కార్యకర్త పొద్దున్నే సీసా పట్టుకుని ఆయన వాకిట్లో నిలబడి, అయ్యా ఇందులో ఉమ్మండి అంది."

"ఆహా. ఏమన్నాడు? ఏమన్నాడు వాడు?"

"కర్ర తీసుకుని గేటుదాకా వెంటపడ్డాడట."

"వాడి మొహం చూడాల్సింది. అయ్యో, నేను లేకపోయానే. మాలెబోనా, ఇలా రా, ఇది విను. తలాలిగాడి వాకిట్లో సీసా పట్టుకుని..."

"వింటున్నాను, ఇక్కడికి వినపడుతోంది. ఆ మిగతావాళ్ళు దొరక్కపోతే ఏమవుతుందమ్మా?"

"మందులు వెనక్కి వెళ్ళిపోతాయమ్మా. మనిషి లేడని రాసి పంపేస్తారు."

"వెళ్ళిపోతాయా?"

"నువ్వు పొయ్యి చూసుకో మాలెబోనా. అమ్మాయ్, వెనక్కి వెళ్ళిపోవడమేంటి? బొమ్మ తీశారు, జబ్బుందన్నారు, ఇంక మందివ్వడానికేం?"

"ఎవరికివ్వను? మీరు నవ్వుతున్న ఆ తలాలి మొరేనాకివ్వనా?"

"వాడికివ్వకు."

"మరి గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. వాళ్ళు ఎవరు?"

"ఎవరైతే ఏంటి?"

"మొరేనా."

"సరే. మావాళ్ళే. అయితే ఏం కొంప మునిగింది? నువ్వు ఆలోచించు. దగ్గేవాళ్ళని దాచేయలేదు నేను. గుర్రాలెక్కించి, అంబలి కట్టించి, నీ మిషను ముందుకే పంపించాను. వాళ్ళకి ఎక్స్‌రే దక్కింది. నీకు నీ లెక్క దక్కింది. మా ఊరికి మంచిపేరు దక్కింది. తలాలిగాడికి టీబీ దక్కింది. ఎవరికి నష్టం?"

"ఇంత తెలివి పెట్టుకుని ఈ కొండల్లో ఎందుకుండిపోయారు మీరు? రాజధానిలో మంత్రి కావాల్సినవాళ్ళు."

"మా నాన్న కూడా అదే అనేవాడు."

"ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో."

"నువ్వు వెటకారాలాడతావు. నీకేం తెలుసు? కిందటిసారి ఇలాగే ఒక బండి వచ్చింది. జనాన్ని వరసలో పెట్టి బొమ్మలు తీసింది. వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా రేడియోలో చెప్పారు, జిల్లా మొత్తమ్మీద టీబీ ఎక్కువున్న ఊరు హా రాఫెకో అని. వాతావరణం చెప్పినట్టు చెప్పారు. ఆ ఏడు మా ఉన్ని కొనడానికి ఒక్కడు రాలేదు. ఉన్నికి దగ్గొస్తుందా? చెప్పు, గొర్రె బొచ్చుకి టీబీ వస్తుందా?"

"రాదు."

"మా కుర్రాళ్ళతో ఫుట్‌బాల్ ఆడనన్నారు. బంతిని ముట్టుకోనన్నారు. టాక్సీలో మావాడు ఎక్కితే కిటికీలన్నీ తెరిచారట, మంచు కురుస్తుంటే. ఊరు పేరడిగితే అబద్ధం చెప్పడం నేర్చుకున్నారు పిల్లలు. అది నా ఊరమ్మాయ్. మా తాత పేరు మీద ఉన్న ఊరు."

"అది తప్పే మొరేనా. ఊరి పేరు రేడియోలో చెప్పినవాళ్ళు దొరికితే నేనే నాలుగు తిడతాను. నిజంగానే చెప్తున్నాను."

"ఆ. ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నావు."

"కానీ వాళ్ళు కిటికీలు తెరిస్తే మీరు మనుషుల్నే పక్కూరికి గెంటేశారు. ఇప్పుడెక్కడున్నారు ఆ ఆరుగురూ?"

"పైన. మంద దగ్గర గుడిసెలో. మీ బండి వెళ్ళిపోయేదాకా అక్కడే ఉండమన్నాను."

"ఆరుగురూ ఒక్క గుడిసెలోనా?"

"చలి కదా."

"తలుపేసుకుని, పేడ మంట వేసుకుని, ఒకరి మీద ఒకరు దగ్గుకుంటూ. టీబీకి ఇంతకంటే మంచి అత్తారిల్లు దొరకదు మొరేనా. గొర్రె మాంసం కూడా పంపారా దానికి?"

"కొంచెం పంపాను."

"వాళ్ళ అసలు పేర్లు చెప్పండి. మందులు నేరుగా ఇక్కడికే తెప్పిస్తాను. ఊరి పేరు ఎక్కడా బయటికి రాదు. రేడియోకి కాదు కదా, మా డ్రైవరుకి కూడా చెప్పను."

"మాటేనా?"

"మాటే."

"ఆరుగురి పేర్లూ చెప్తాను. ఇద్దరు మా చిన్నాన్న కొడుకులు, గనుల్లో పని చేసి వచ్చిన దగ్గర్నుంచీ ఆ దగ్గే. నలుగురు గొర్రెలు కాసేవాళ్ళు. తలాలిగాడి పేరు చెప్పింది మా చిన్నాన్న పెద్దకొడుకు. నేనే చెప్పమన్నాను. వాడి పేరు మీద ఒక టీబీ ఉంటే నాకు రాత్రిపూట హాయిగా నిద్రపడుతుందనిపించింది."

"నిద్రపోండి. ఇప్పుడు ఏడో మనిషి సంగతి."

"ఏడో మనిషి లేడు. ఆరుగుర్నే ఎక్కించాను గుర్రాలు."

"గుర్రమెక్కి రాలేదు. సాయంత్రం మేం సర్దుకుంటుంటే ఒక్కావిడ నడిచి వచ్చింది. కళ్ళు తప్ప మొహమంతా కంబళి చుట్టుకుంది. దాని కింద మేమిచ్చిన మాస్కు. నేను అలిసిపోయి ఉన్నాను, ఆవిడ మొహం కూడా సరిగ్గా చూడలేదు. బొమ్మ చూశాక చూడాలనిపించింది కానీ అప్పటికే వెళ్ళిపోయింది. మీ ఊరి వైపు దిగే దారిలోనే వెళ్ళిందని చెప్పారు."

"ఏముంది బొమ్మలో?"

"ఆ ఆరుగురిదీ ఒక ఎత్తు, ఆవిడదొక్కటీ ఒక ఎత్తు. రెండు వైపులా ఉంది. ఎడమవైపు పైభాగం తినేసింది. ఇన్నాళ్ళూ ఆవిడ ఎలా నడుస్తోందో, ఎలా వండి పెడుతోందో నాకర్థం కావడం లేదు. ఆవిణ్ణి చూడకుండా నేను ఈ కొండ దిగలేను మొరేనా. రేపు మంచు పడుతుందంటున్నారు. పడిందంటే దారి మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకునేదాకా ఆవిడ ఆగలేదు."

"తలాలి మనిషై ఉంటుంది."

"తలాలిలో అందర్నీ అడిగించాను."

"వాళ్ళకేం తెలుసు? వాళ్ళ సొంతవాళ్ళ పేర్లే వాళ్ళకి గుర్తుండవు. మతిలేని జనం."

"అమ్మాయ్."

"చెప్పండమ్మా."

"మందులు వేసుకుంటే ఆవిడ బతుకుతుందా?"

"బతుకుతుంది. రేపే నాతో ఆసుపత్రికి వస్తే బతుకుతుంది. ఆర్నెల్లు మందు మింగాలి, మానకూడదు."

"ఆవిడ ఇంట్లోవాళ్ళకి? ఒకే కంచంలో తింటారు, ఒకే గదిలో పడుకుంటారు. వాళ్ళకి అంటి ఉంటుందా?"

"చూడాలమ్మా. వాళ్ళకీ ఎక్స్‌రే తీయాలి."

"ఇవాళ తీసిన బొమ్మల్లో లెబోనాకి ఏమీ లేదన్నావు కదూ?"

"మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఏమీ లేదు."

"మూడుసార్లు చూశావా. మంచిది."

"ఎవరిదో ఊసు నీకెందుకు మాలెబోనా? ఆ కుండ ఒలుకుతోంది, కింద పెట్టు. పొగలో కూర్చుని కూర్చుని కళ్ళు కూడా ఎర్రబడ్డాయి. అమ్మాయ్, ఇంతకీ ఏ పేరు చెప్పింది ఆవిడ?"

"మీవాళ్ళలా దొంగపేరు చెప్పలేదనిపించింది నాకు. అడిగితే, ఎప్పుడో దాచిపెట్టిన వస్తువు వెతుక్కుని తీసినట్టు చెప్పింది. మొలియెహి."

"మొలియెహి? లేదు. అలాంటి మనిషి నా ఊళ్ళో లేదు."

"బాగా ఆలోచించండి."

"ఆలోచించడానికేముంది? ఈ ఊళ్ళో కుక్కల పేర్లు కూడా నాకు తెలుసు. కోడలై వచ్చిన ప్రతి ఆడదానికీ కొత్తపేరు పెట్టేది మా ముంగిట్లోనే. ఇంకా పుట్టని బిడ్డకి తల్లి అని పెడతాం. మా ఆవిడ మాలెబోనా, అంటే లెబోనా తల్లి అయింది, లెబోనా పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు. మొలియెహి అని ఎవరికీ పెట్టలేదు."

"మా అమ్మకీ అలాగే పెట్టారు మొరేనా, నాకు తెలుసు. నేననేదీ అదే. ఇది పుట్టింటి పేరై ఉండొచ్చు. ఈ ఊరి కోడళ్ళ పుట్టింటి పేర్లు తెలుసా మీకు?"

"పుట్టింటి పేర్లు పుట్టింటి గడప దగ్గరే వదిలేసి వస్తారు. అవెవడు గుర్తుపెట్టుకుంటాడు?"

"ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా. మొగుడైనా."

"మొగుడికి వేరే పనుల్లేవా?"

"చాలా ఉంటాయి. పక్కూరికి టీబీ ఎగుమతి చేయడం లాంటివి."

"మళ్ళీ మొదలెట్టావు."

"మానేస్తాను, ఆవిడ దొరికితే. ఇంకో మాట చెప్తాను వినండి. వెళ్ళబోతూ ఆవిడ నన్నొకటి అడిగింది. జబ్బుందని తేలితే మందులు ఇంట్లో ఆయనకి తెలీకుండా మింగొచ్చా అని. ఎందుకమ్మా అంటే, మా ఇంట్లో దగ్గకూడదు అంది. నేను ఏదో జోకనుకుని నవ్వాను కూడా."

"దగ్గకూడదా? ఎవడమ్మా వాడు? ఏ రకం మనిషి? పెళ్ళాం అంత జబ్బుతో ఉంటే తెలియని వెధవ నా ఊళ్ళోనే ఉన్నాడంటావా?"

"ఉన్నాడనే అనుకుంటున్నాను."

"ఉంటే వాడి సంగతి నేను చూస్తాను. రేపు పొద్దున్నే ఊరందర్నీ ఇక్కడికి పిలిపిస్తాను. మొలియెహి అనే ఆవిడ ఎవరో, ఆవిడ మొగుడెవడో ముందుకి రమ్మని నా నోటితోనే చాటిస్తాను. వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తాను. అప్పుడు రాసుకుందువుగాని, మొరేనా సెఖోబే ఎలాంటివాడో."

"చాటింపు వద్దండి."

"నువ్వుండు మాలెబోనా. ఇది ఊరి పరువుకి సంబంధించిన విషయం."

"ముప్ఫై ఏళ్ళు ఉన్నాను కదా, ఇంకెంతసేపుంటాను. అమ్మాయ్, రేపు నీ బండిలో నాకు చోటుందా? ఏవండీ, ఊరందర్నీ పిలవకండి. లెబోనా తల్లి అని మీ అమ్మ ఈ ముంగిట్లో నాకు పేరు పెట్టకముందు మా ఇంట్లో అందరూ నన్ను మొలియెహి అనే పిలిచేవారు. పెళ్ళికి ముందు, నీళ్ళ దారిలో నాకోసం కాపు కాసిన రోజుల్లో, మీరు కూడా."